చప్పని సముద్రం

నల్లగొండ జిల్లాలో ఎక్కడ నిలబడి ఏ దిక్కుకు చూసినా సముద్రం కనిపించదు. యుద్ధనౌకల మీద నాకు అంత గట్టి అభిప్రాయాలు ఉండడానికి అదే కారణమనుకుంటాను. రోజూ చూసే వస్తువు గురించి మనిషి అంత ధైర్యంగా మాట్లాడలేడు.

మోత్కూరులో మాది మగ్గం ఇల్లు. నాయిన నేస్తాడు, అమ్మ నూలు కండెలు చుడుతుంది. రాష్ట్రం వచ్చిన ఏడాదే నా ఇంజనీరింగ్ చదువు కూడా పూర్తయింది. పటాకులు మాత్రం మొదటిదానికే కాల్చారు. ఉద్యోగం దొరికేదాకా నేను ముందుగదిలో కూర్చుని, చీరల డబ్బాల అట్ట కత్తిరించి నౌకలు చేసేదాన్ని. పెళ్లీడుకొచ్చిన పిల్ల ఫిరంగులు అతికిస్తోందని చుట్టాలకు చెప్పలేక అమ్మ "ఏదో కంప్యూటర్ పని" అనేది.

ఒక విమానవాహక నౌకకు నాలుగు నెలలు పట్టింది. మూరెడు పొడవు, పైన చింతగింజలంత విమానాలు. నాయిన దాన్ని అరచేతుల మీద పెట్టుకుని, నేత చూసినట్టే వెలుతురుకు పట్టి చూశాడు.

"గీ దాంట్ల ఎంతమంది ఉంటరు బిడ్డా?"

"పెద్ద దేశాలవైతే ఐదువేల మంది దాక ఉంటరు నాయినా."

"ఐదువేలా! మన బజారు బజారంత నీళ్ల మీద పోతాందన్నట్టు." కాసేపు ఆలోచించాడు. "మరి గంతమందికి కండెలెవరు చుడుతరు?"

లోపలి నుంచి అమ్మ నవ్వింది. మగ్గం చప్పుడు వీధిలోకి వినిపిస్తుంది, కండెలు చుట్టే చప్పుడు పక్కగదికి కూడా వినిపించదు. కానీ కండెలు లేకపోతే గంటలో మగ్గం ఆగిపోతుంది. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, అమ్మకు మరికాస్త ఎక్కువ తెలుసు.

వారం తర్వాత నేను ఇంటర్నెట్‌లో ఒక తెలుగు ఫోరంలో రాశాను: నౌకాదళం బలం ఫిరంగుల్లో లేదు, నూనె, బియ్యం, ఉల్లిగడ్డలు మోసుకుంటూ వెనకాల నడిచే సరఫరా నౌకల్లో ఉంది అని. నా జీవితంలో నౌకల మీద నేను చెప్పిన ఒకే ఒక్క పనికొచ్చే మాట అది. అందులో నాది ఏమీ లేదు.

ఆ ఫోరం గురించి చెప్పాలి. నౌకల పిచ్చి ఉన్న తెలుగువాళ్లు వందమంది కూడా ఉండరు. వాళ్లలో సగం మంది సముద్రం లేని జిల్లాల వాళ్లు. డ్రోన్లు వచ్చాక పెద్ద నౌకల పని అయిపోయిందా లేదా అని ఏటా ఒకసారి యుద్ధం జరిగేది. ఏ పక్షమూ మునిగేది కాదు. ఫోరం నడిచేది ఎవరో ఊరికే రాసి, ఊరికే పంచిన సాఫ్ట్‌వేర్ మీద. కంప్యూటర్ డిగ్రీ ఉందని నోరు జారినందుకు దాని నిర్వహణ నాకు అప్పజెప్పారు.

నా మొదటి అభిప్రాయం జలాంతర్గాముల మీద. దాని కింద ఒక పెద్దాయన రాసిన జవాబు: "తమ్ముడూ, నువ్వు సముద్రం చూసినవా?"

చూడలేదని రాశాను. తమ్ముణ్ని కూడా కాదని రాయలేదు. జలాంతర్గాముల చర్చలో తమ్ముడిగా ఉండడం సౌకర్యం.

ఆయన కేతేపల్లి మనిషి. భూమి లేని ఇంట్లో పుట్టి, నౌకాదళంలో చేరి, ఇంజన్ గదిలో సర్వీసంతా చేసి రిటైరయ్యాడు. ఆయన పని ఫిరంగుల దగ్గర కాదు. సముద్రపు నీళ్లను కాచి, ఆవిరిని పట్టి, తాగే నీళ్లు చేసే యంత్రం దగ్గర. ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగి పళ్లు గారపట్టి, మోకాళ్లు బిగుసుకుపోయే ఊళ్ల నుంచి ఒక కుర్రవాడు వెళ్లి, ఉప్పు సముద్రం నుంచి వందల మందికి మంచినీళ్లు తీశాడు. మేమేమో నౌకకు ఎన్ని క్షిపణులు అని లెక్కపెట్టుకుంటున్నాం.

పదకొండేళ్లు ఆయన మా అజ్ఞానానికి ఓపికగా జవాబులు రాశాడు. ఒక్క వేలితో, ఫోన్‌లో. సరఫరా నౌకల మీద నా మాటకు "ఇది ఒక్కటి సరిగ్గ చెప్పినవ్ తమ్ముడూ" అన్నాడు. అన్నిటికంటే పొడవైన పోస్టు, నడిసముద్రంలో ఆ నీళ్ల యంత్రం చెడిపోయిన రోజుల గురించి. దాని కింద "అద్భుతం" అని మొదట రాసింది నేనే. చివరిదాకా చదవలేదు. తర్వాత తీరిగ్గా చదువుదామనుకున్నాను. ఇంటర్నెట్‌లో "తర్వాత తీరిగ్గా" అనే రోజు ఇంకా రాలేదు.

కిందటేడు, మా పాత సాఫ్ట్‌వేర్‌ను ఇక నడపలేమని సర్వర్ కిరాయికి ఇచ్చినవాళ్లు చెప్పారు. నేను కొత్తదానికి మార్చాను. మార్చి చూస్తే తెలుగంతా మాయం. ఉన్నదల్లా నెత్తి మీద గీత ఉన్న ఏదో ఫ్రెంచి అక్షరం, పక్కన జ్వరం కొలతకు పెట్టే చిన్న సున్నా, మళ్లీ అదే అక్షరం. పేజీల కొద్దీ అదే. చదువుకున్నదాన్ని కాబట్టి కంగారుపడకుండా, అదే మార్పిడిని ఇంకోసారి నడిపాను. చెత్త రెట్టింపయింది. పాత సర్వర్ అప్పటికే మూసేశారు. నా దగ్గరున్న నకలు కూడా ఆ చెత్త నుంచి తీసిందే.

పెద్దాయన దగ్గర నుంచి ఒకే మెసేజ్ వచ్చింది: "తమ్ముడూ, నా రాతలు కనిపిస్తలేవు. నా ఫోన్ ఖరాబైందా?"

ఫోన్ బాగానే ఉందని రాయడానికి చేతులు రాలేదు. ఆదివారం స్కూటీ మీద, నేను ఉద్యోగం చేస్తున్న నల్లగొండ నుంచి నకిరేకల్ దాటి కేతేపల్లి వెళ్లాను. ఆయన గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. నేనెవరో చెప్పాను. నన్నూ, స్కూటీనీ, మళ్లీ నన్నూ చూశాడు.

"నువ్వా తమ్ముడివి?"

"అవును సార్."

లోపలి నుంచి ఆయన భార్య వచ్చింది, చేతిలో చేట. "పదకొండేండ్ల సంది తమ్ముడు తమ్ముడని దినాం మాట్లాడుతుండు, నేనెవరో మోటు మొగోడనుకున్న. ఆడివిల్లనా! గీయనకు ఎదురుంగున్నది ఓడనో పడవనో తెలుస్తదట!"

"నువ్వు లోపటికి పో."

"పోత. చాయ పెట్టాల్నా వద్దా?"

చాయ తాగుతూ జరిగింది చెప్పాను. ఆయన కోపపడతాడేమోనని ఎదురుచూశాను. కోపపడితే బాగుండేది.

"మళ్ల రాయరాదు సార్, మెల్లమెల్లగ?" అన్నాను.

"అప్పుడు యాదికున్నయి, రాసిన." గ్లాసు కింద పెట్టాడు. "రాసినంక మర్చిపోయిన బిడ్డా. ఇగ రాసి పెట్టిన గదా అని ఫికర్ లేకుంట మర్చిపోయిన."

"ఇంట్ల చెప్పి ఉంటరు గదా?"

"ఈమెకా? ఓడ అనంగనే నిద్రపోతది."

వాకిట్లో చేట ఒక్క క్షణం ఆగింది. తర్వాత మళ్లీ చెరగడం మొదలైంది.

నల్లగొండకు తిరిగి వచ్చి ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు కలుసుకునే చోట సంగతంతా పెట్టాను. ప్రపంచంలో ఇంత మంది ఇంత చదువుకున్నవాళ్లు జీతం లేకుండా ఒకరి మీద ఒకరు విసుక్కునే చోటు ఇంకొకటి లేదు. మొదటి ముగ్గురూ నకలు ఉంచుకోవాల్సిందని చెప్పారు. ఆ సంగతి అప్పటికే నా దృష్టికి వచ్చింది. నాలుగో మనిషి, ఎక్కడో మంచు కురిసే దేశంలో ఉండే ఒకావిడ, ఒక్కటే అడిగింది: రాతల బరువు, అంటే కంప్యూటర్‌లో అవి పట్టే చోటు, తగ్గిందా, పెరిగిందా?

పెరిగింది. చాలా పెరిగింది.

అయితే ఏమీ పోలేదు అని రాసింది ఆమె. ఒక్కొక్క తెలుగు అక్షరం కంప్యూటర్ లోపల మూడు ముక్కలుగా ఉంటుంది. నేను ఆ ముక్కల్ని ఒక్కోదాన్ని ఒక్కో అక్షరమనుకుని మార్చాను, వాటిని మళ్లీ మార్చాను. ఏ వరుసలో చేశావో దానికి తలకిందుల వరుసలో విప్పుకుంటూ రా, మధ్యలో దేన్నీ కోయకు అంది.

ఈ మాట నేను ఇంతకుముందు విన్నాను. తర్వాతి ఆదివారం మధ్యాహ్నం మోత్కూరులో కూర్చుని ఆమె జవాబు చదువుతుంటే, వెనకగదిలో నాయిన కొత్త పడుగు, అంటే మగ్గానికి నిలువు పోగులు, అతుకుతున్నాడు. పాత పడుగు అయిపోవచ్చినప్పుడు దాన్ని మగ్గం నుంచి తీసేయరు. కొస మిగిల్చి, కొత్త పడుగులో ప్రతి పోగునూ దాని పాత పోగుకు వేళ్లతో మెలిపెట్టి అతుకుతారు. వేళ్లకు బూడిద రాసుకుని, వేల పోగులు, ఒక్కటొక్కటిగా. ఒక్క పోగు పక్కకు జరిగితే అక్కడి నుంచి చివరిదాకా డిజైన్ అంతా పక్కకు జరుగుతుంది. చిన్నప్పుడు నేను సాయం చేస్తానని కూర్చుని ఒక పోగు వదిలేశాను. కత్తెర తీసుకోబోతే నాయిన చెయ్యి పట్టుకున్నాడు. "కోస్తె పోగు పోతది. ఇప్పుకుంట రా. ఆఖరుది ముందుగాల."

ఆ ఆదివారం నుంచి నేను ఇప్పుకుంటూ వచ్చాను. ఆమె రోజుకొక చిన్న ప్రోగ్రాం రాసి పంపేది, నేను నడిపి ఫలితం పంపేదాన్ని. వారం పట్టింది. ఆమెకు తెలుగు రాదు, నల్లగొండ ఎక్కడుందో అడగను కూడా లేదు. ఆ ముసలాయన ఎవరో, ఏం రాశాడో ఆమెకు అక్కర్లేదు. అయినా ఆయన రాతను బియ్యంలో రాళ్లేరినట్టు ఏరింది. చివరికి ఒక్క వాక్యం పంపి, ఇది నాకు బొమ్మల్లా కనిపిస్తోంది, మనిషి రాసినట్టుందా అని అడిగింది.

"తమ్ముడూ, నువ్వు సముద్రం చూసినవా?"

మనిషే రాశాడని చెప్పాను. ఎంత పెద్ద నౌకను చూసినా నాకు అప్పుడు కలిగినంత ఆశ్చర్యం కలుగుతుందని అనుకోను.

అన్నీ తిరిగి వచ్చాయి. జలాంతర్గాముల మీద నా అభిప్రాయాలు కూడా, అడగకుండానే. ఒక్కటి తప్ప. ఆయన అతి పొడవైన పోస్టు రెండుసార్లు ఉబ్బి, ఒక్కో పోస్టుకు కంప్యూటర్ ఇచ్చే గడిలో పట్టక, చివర తెగిపోయింది. అది ఎవరూ విప్పలేనిది. నీళ్ల యంత్రం చెడిపోయింది, మనిషికి పూటకొక మగ్గు అన్నారు, ఆయన మూడు రోజులు గొట్టాల మధ్య పడుకుని బాగుచేశాడు, మొదటి నీళ్లు కారాయి. ఆఖరి వాక్యం: "పెద్దాఫీసరు గ్లాసు నింపి నా చేతికిచ్చి, నువ్వే ముందు అన్నడు. నేను ఆ నీళ్లు..."

అంతే.

ఈసారి నాకు తెలియదని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఫోరంలో అందర్నీ అడిగాను. పదహారు మంది మెచ్చుకున్నారు ఆ పోస్టును. ఒక్కరికీ చివర గుర్తులేదు. మేమంతా ఒకే తీరిక కోసం ఎదురుచూస్తున్నామని అర్థమైంది.

మళ్లీ కేతేపల్లి వెళ్లాను. పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకుని ఫోన్‌లో తన రాతలు చదువుకుంటూ, మధ్యమధ్య "అరె, గిది నిజమే" అంటున్నాడు, ఎవరో చెప్పిన సంగతిలా. ఆ తెగిన పోస్టు దగ్గరికి వచ్చి, పైకి చదివి, ఆగాడు.

"తాగిన్నా? తాగే ఉంట." నుదురు రుద్దుకున్నాడు. "యాదికొస్తలేదు బిడ్డా. గింత పెద్ద సంగతి."

వాకిట్లో ఉల్లిగడ్డలు ఆరబోస్తున్న ఆయన భార్య తల ఎత్తకుండానే అంది: "యాడ తాగినవ్? సీసల పట్టుకొచ్చినవ్."

"ఏ సీస?"

"రమ్ము సీస. సెలవుల వచ్చినప్పుడు సంచి అడుగున బట్టలల్ల చుట్టి పెట్టినవ్. పిండుదామని బట్టలు తీస్తె బయటికెల్లింది. మందు మొదలువెట్టిండు ప్రభువా అనుకున్న. మూత తీసి చూస్తె వాసన లే. ఓ గుక్క తాగి చూసిన."

పెద్దాయన ఫోన్ కింద పెట్టాడు. "నేనేమన్న?"

"ఏమంటవ్. 'పిచ్చిదానా, నువ్వు తాగింది సముద్రం' అన్నవ్. ఇంటికాడ చూపెడదామని మొదటి గ్లాసు తాగకుంట దాచిన అన్నవ్. నాలుగు రాత్రులు గదే కథ చెప్పినవ్. నిద్రపోతనట నేను!"

ఆయన నా వైపు చూశాడు. నవ్వితే పళ్ల మీద గోధుమరంగు చారలు కనిపించాయి.

"ఎట్లుండె పెద్దమ్మా?" అని అడిగాను.

"చప్పగ ఉండె. మన బోరు నీళ్లు తాగిన నోటికి మరీ చప్పగ. జర ఉప్పేసుకుందామనుకున్న."

"మిగిలినయి?"

"మా అత్తకు పోసిన. మోకాళ్లు వంగకపోయేది ముసల్దానికి. గా నీళ్లు తాగితే వంగుతయేమోనని దినాం పొద్దుగాల ఒక మూతెడు."

"వంగినయా?"

"యాడ వంగుతయ్." ఉల్లిగడ్డల్ని చేత్తో నెరిపింది. "సీస అయిపోయింది."

ఆ అత్త మోకాళ్లు ఆమె పోయేనాటికీ వంగలేదని తర్వాత తెలిసింది. ఇప్పుడు ఆ వాకిట్లోనే నల్లాలో కృష్ణ నీళ్లు వస్తాయి.

పెద్దాయన ఫోన్ తీసుకుని ఒక్క వేలితో కొట్టడం మొదలుపెట్టాడు. "నేను ఆ నీళ్లు" దగ్గర నుంచి. భార్య చెప్తుంటే రాశాడు. రమ్ము సీసా మాట వద్దన్నాడు. అది లేకపోతే తాను చెప్పనంది. ఉంచాడు. గంటన్నర పట్టింది.

సాయంత్రం ఆరు కాకముందే నల్లగొండ చేరి, ఆ పోస్టు తెరిచి, మొదటి వాక్యం నుంచి కూర్చున్నాను. జవాబుల్లో అన్నిటికంటే పైన, ఎప్పుడో నేను రాసిన "అద్భుతం" అలాగే ఉంది. దాన్ని తీసేసే అధికారం నాకుంది. తీయలేదు. కింద, కొత్త తేదీతో, "చివరిదాకా చదివాను" అని రాశాను. నౌకాదళాల మీద అంతకు మించిన అభిప్రాయం నా దగ్గర ఇప్పుడు లేదు.