ఐస్ క్రషర్‌కు పెట్టిన అర సెకను

2017 వానాకాలంలో నన్ను దక్షిణ అండమాన్‌లోని ఒక జెట్టీ సెక్షన్‌కు అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. జెట్టీ పక్కనే మత్స్యకారుల ఐస్ ప్లాంటు ఉండేది. పడవలన్నీ శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలవి.

మాది డీజిల్ కరెంటు. పెద్ద మోటారు ఏది స్టార్టయినా వోల్టేజి ఒక్క క్షణం కుంగి లేస్తుంది. ప్లాంటు మెయిన్ బ్రేకర్‌కు అండర్‌వోల్టేజి కాయిల్ ఉండేది. వోల్టేజి పడిపోతే అది బ్రేకర్‌ను తెరిచేస్తుంది. కరెంటు తిరిగొచ్చినా, ఎవరో ఒకరు చేత్తో వేస్తే తప్ప యంత్రాలు కదలవు. అది పాత రకం కావడంతో ప్రతి చిన్న కుంగుబాటుకూ ట్రిప్పయ్యేది. ఆపరేటర్ ఎల్లయ్య విసిగిపోయి, మొరుగుతోందని కుక్క నోరు కట్టేసినట్టు, దాన్ని వలతాడుతో కదలకుండా కట్టేశాడు.

నేను తాడు కోయించి, మద్రాసు ఓడలో ఎలక్ట్రానిక్ పరికరం తెప్పించాను. ఎంతసేపు ఓర్చుకోవాలో దానికి మనమే చెప్పవచ్చు. అంతసేపూ లోపలి కెపాసిటర్ కాయిల్‌ను పట్టి ఉంచుతుంది.

"మూడు సెకన్లు పెట్టేయండి సార్. ఊరికే ట్రిప్పయితే ఐస్ బంద్. మచ్చీ ఖరాబ్ అయితే జవాబ్ ఎవుడిస్తాడు?" అన్నాడు ఎల్లయ్య.

అడిగింది సబబే. మూడుకు తిప్పబోతూ, క్రషర్‌లో ఐస్ గడ్డలు వేసే నూకమ్మను, గడ్డ ఇరుక్కుంటే ఏం చేస్తావని అడిగాను.

"కరెంటు పోయినపుడు చెయ్యెట్టి లాగేస్తాను బాబూ. మిషన్ చాలూ ఉండి తిరుగుతుంటే ఎవులెడతారు?" అంది, ఇదేం ప్రశ్న అన్నట్టు.

మూడుకు తిప్పబోయేవాణ్ణి ఆగిపోయాను. దీపం ఆరగానే ఆమె చెయ్యి ఇనుప పళ్ళ మధ్యకు వెళ్తోంది. మూడు సెకన్లలోపు కరెంటు తిరిగొస్తే క్రషర్ దానంతటదే తిరుగుతుంది. తాడు కట్టి ఉన్నన్నాళ్ళూ ఆ చెయ్యి మిగలడం కేవలం అదృష్టం.

అర సెకను పెట్టాను. అంతలో చెయ్యి పళ్ళదాకా చేరదు. మెయిన్ ఆపకుండా చెయ్యి పెట్టవద్దని బోర్డు కూడా కట్టించాను. అలవాటు బోర్డులు చదవదు.

అర సెకను మించిన కుంగుబాట్లకు ట్రిప్పులు తప్పలేదు. ఒకసారి ప్లాంటులో ఎవరూ లేనప్పుడు ట్రిప్పయి, ఐస్ కరిగి, ఒక పడవ సూర చేపంతా సముద్రంలో పారబోశారు. ఆ నష్టం నా సెట్టింగు వల్లే. ఎల్లయ్య నాతో మాట్లాడటం మానేశాడు.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం నేనక్కడ ఉండగానే కరెంటు పోయి, రెండు సెకన్లకు తిరిగొచ్చింది. వేరే లైను మీదున్న దీపాలు వెలిగాయి. క్రషర్ కదలలేదు. నూకమ్మ చెయ్యి మోచేతి దాకా అందులోనే ఉంది. ఆమె మెల్లగా బయటకు తీసి కొంగుతో తుడుచుకుంది. ఎల్లయ్య బ్రేకర్ దగ్గరకు పోకుండా ముందు ఆమె దగ్గరకే వచ్చి, ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏటైనా అయినాదా అక్కా?"

"ఏటీ అవనేదురా."

ఆ తర్వాత బ్రేకర్ వేసే ముందు ప్రతిసారీ "అక్కా, చేతులు!" అని కేకేసేవాడు. ఆమె రెండు చేతులూ పైకెత్తి చూపించాకే వేసేవాడు. సెట్టింగు మార్చమని మళ్ళీ అడగలేదు.

వోల్టేజి ఎంతసేపు కుంగుతుందో కొలిచి ఆలస్యం పెట్టాలని మాన్యువల్ చెబుతుంది. చెయ్యి ఎంతసేపట్లో లోపలికి వెళ్తుందో కూడా కొలవాలని ఆ ప్లాంటులో తెలుసుకున్నాను.