చిక్కుపడ్డ అణువులు, మూడో బోరు

నా నాలుక మీద నాకు ఇప్పటికీ రోతే. గద్వాల నుంచి వనపర్తి పోయే బస్సులో ఒక పెద్దాయన నా పక్కన కూర్చున్నాడు. ఖిల్లా ఘణపూర్ దగ్గర ఆయన పల్లిచేను పూత మీద ఎండుతోందట. వేయించిన రెండు బోర్లలో నీళ్లు పడక, మరునాడే మూడో బోరు వేయిస్తున్నాడు.

నేను ఊరుకుంటానా! పేపర్లో చదివిన కొత్త మిషన్ సంగతి ఎత్తుకున్నాను. అణువులు విడివిడిగా ఉంటే కొలత తడబడుతుందనీ, క్వాంటం చిక్కుముడితో కలిపితే ఒకదాని తడబాటును ఇంకొకటి సరిచేసి, లోపల నీళ్లుంటే భూమి ఆకర్షణలో వచ్చే వెంట్రుకవాసి తేడాను కూడా పట్టిస్తాయనీ చెప్పాను. అంతవరకు నిజమే. అక్కడ ఆగితే నేనెందుకవుతాను?

"మా బామ్మర్ది గా మిషిన్‌తోనే నీళ్లు జూస్తడు. వారంల మీ చేనుకు తోలిస్త," అన్నాను.

ఆయన వెంటనే ఫోన్ తీశాడు. "రేపు బోరు బండి వద్దు. మిషిన్ వస్తదంట."

నా నవ్వు ఆగిపోయింది. ఆ మిషన్ ఇంకా ప్రయోగశాల దాటలేదనీ, అసలు నాకు బామ్మర్దే లేడనీ ఒప్పుకున్నాను. ఆయన మళ్లీ ఫోన్ చేశాడు. బండిని అప్పటికే నాగర్‌కర్నూల్ వాళ్లు మాట్లాడుకున్నారు. పదిహేను రోజుల దాకా రాదట.

"గా అణువుల ముచ్చటన్న నిజమేనా సారూ?"

"నిజమే."

"దాన్ని గూడ ఖరాబు జేస్తివి గద! రేపు నిజంగనే ఎవరన్న మిషిన్ దెస్తే, నేను నమ్ముతనా?"

ఆయన లేచి ముందుకు పోయాడు. ఖాళీ సీటు ఒక్కటీ లేదు. వనపర్తి దాకా నిలబడే వచ్చాడు.