మొదటి పిట్టకు ఎవరు నేర్పారు

మొన్న మా మనవరాలు సైన్సు పుస్తకం ముందేసుకుని, జీవులన్నీ ఒకదాన్నుంచి ఒకటి మారుతూ వచ్చాయనే పాఠం గట్టిగా చదువుతుంటే, చిక్కుడుకాయలు తుంచుతున్న నా చెయ్యి ఆగిపోయింది. దీనిమీదే మా నాయనకూ అన్నకూ ఎన్నిసార్లు తగాదా జరిగిందో!

మాది జమ్మలమడుగు పక్క పల్లె. నాయన గుంటమగ్గం మీద చీరలు నేసేవాడు. కొత్త పడుగు దారాలు అతికిన రోజున, మగ్గం గుంటలోకి దిగకముందే, మమ్మల్ని వెంటబెట్టుకుని ఊరిబయట బావి దగ్గరికి పోయేవాడు. బావిమీదికి వంగిన ఈతచెట్లకు, గడ్డిపోచలతో అల్లిన గిజిగాడి గూళ్లు వేలాడుతుండేవి. గుళ్లో కూడా అంతసేపు చేతులు జోడించుకుని నిలబడని మనిషి, ఆ గూళ్ల ముందు కళ్లనీళ్లు పెట్టుకునేవాడు.

"నేను ఒగ చీర నేయాలంటే పడుగు అతికేకి మీయమ్మ గావాల, కండెలు చుట్టేకి మీరు గావాల. ఆ పిట్టకుండేది మూతి ఒగటే. దేవుడు గాక ఎవురు నేర్పింటారు?" అనేవాడు.

ప్రొద్దుటూరు కాలేజీలో చదివే అన్న ఊరుకుంటాడా, తరతరాలుగా కొంచెం కొంచెం అబ్బిన విద్య అది అని మొదలుపెట్టేవాడు. "సరేప్పా, మొదటి పిట్టకు ఎవురు నేర్పినారు?" అని నాయన నవ్వేవాడు. అన్న ఎంత విడమరిచి చెప్పినా ఆయన తలకెక్కేది కాదు, నాకూ ఎక్కేది కాదు. కోతి నుంచి మనిషి వచ్చాడంటే నాకు ఈరోజుకీ మింగుడుపడదు. నేనెప్పుడూ నాయన పక్షమే.

అందుకే, పాఠం సంగతి తరువాత, ముందు దేవుడు చేసిన ఆ పిట్టనూ దాని గూడునూ ఒక్కసారి కళ్లారా చూడమని చెప్పి, ఆదివారం మనవరాలిని బస్సెక్కించుకుని మా పల్లెకు తీసుకుపోయాను. అక్కడ ఈతచెట్లు లేవు. బావిని రాళ్లతో, చెత్తతో పూడ్చేశారు. పక్కనే వేసిన బోరు కూడా ఎండిపోయి, మూతికి గోనెసంచి కట్టి ఉంది. గొర్రెలు తోలుకుపోతున్న ఒకాయనను అడిగితే, "గిజిగాళ్లా? చెట్టే ల్యాకపాయె, ఇంగ అవి యాడుంటాయమ్మా. శానా కాలమాయె" అని వెళ్లిపోయాడు.

పిల్ల పూడిన బావికేసి చూసి, ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగింది: "దేవుడే చేసినాడంటివి గదవ్వా, చేసినోడు చూసుకోడా?"

అన్న ప్రశ్నలన్నిటికీ ఎదురునిలిచిన నాయన నమ్మకం, ఆ ఒక్క మాటకు నాలో కూలిపోయింది. 

నాయనా లేడు, అన్నా లేడు, మగ్గం గుంట పూడ్చి బండలు పరిచి ఎన్నేళ్లయిందో. సాయంత్రం దీపం పెట్టి చేతులు జోడిస్తే, ఇదివరకటిలా మాట రావడం లేదు. మొదటి పిట్టకు నేర్పినవాడెవరో నాకు తెలుసనే ఇంతకాలం బతికాను. కడపటి పిట్ట ఆ బావిమీంచి ఏ పొద్దున ఎగిరిపోయిందో మాత్రం మా ఊళ్లో ఒక్కరికీ తెలియదు. ఆ దేవుడు చూస్తూనే ఊరుకున్నాడా అన్నది, అడగడానికి కూడా భయంగా ఉంది.