ఎలుగుబంటికి ఏ తూటా?

ఈ రోజు మధ్యాహ్నం మా ఆయన నన్ను మేముంటున్న సర్రీ ఊళ్లో ఒక తుపాకుల షాపుకు తీసుకెళ్లారు. కొండల్లో నడకకు వెళ్తే ఎలుగుబంటి ఎదురవుతుందని ఆయన భయం. రక్షణకూ వేటకూ పనికొచ్చేలా పిస్టల్‌కి ఫార్టీఫోర్ మాగ్నమ్ తూటా మంచిదా, టెన్ ఎమ్ఎమ్ మంచిదా అని ఈమధ్యంతా వీడియోలు చూస్తున్నారు. ఇంట్లో తుపాకీ అంటేనే నాకు వణుకు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.

షాపులోని పెద్దావిడ నవ్వింది. ఆవిడ ఇంగ్లీషు నాకు అర్థమైనంత వరకు ఇదీ మాట: "ఫార్టీఫోరే బలమైనది. కానీ ఇక్కడ ఇప్పుడు పిస్టల్ కొననివ్వరు, దాంతో వేటాడనివ్వరు. బేర్ స్ప్రే, అదే ఎలుగుబంటి మీద కొట్టే కారపు స్ప్రే, పట్టుకెళ్లండి. దారంతా గట్టిగా మాట్లాడుకుంటూ నడవండి. మనిషి గొంతు వింటే చాలావరకు అవే తప్పుకుంటాయి."

"అయితే మన పని అయిపోయినట్టే! నీ గొంతు పక్కనున్న నాకే వినపడదు," అన్నారు ఈయన.

సాయంత్రం స్ప్రే తీసుకుని కొండ దారి ఎక్కాం. "ఏదో ఒకటి మాట్లాడవే," అన్నారు. కళ్లు మూసుకుని అరిచేశాను.

"మన ఇంట్లోకి తుపాకీ వద్దండీ!"

ఈయన ఆగిపోయారు. నా వైపు తిరిగి, "సరే, తేను. ఇంకా ఏమైనా ఉన్నాయా?" అన్నారు.

చాలా ఉన్నాయి. కారు దగ్గరకు వచ్చేదాకా ఆపలేదు. ఒక్క ఎలుగుబంటీ రాలేదు.

మీరైతే ఆ కొండ మీద ముందు ఏం చెప్పేవారు?