మా తోడికోడలు తీసేసిన గెలాక్సీలు

మా తోడికోడలు రిటైరైన రోజు ఆఫీసులో నలుగురు లేచి ఆవిడ గురించి మాట్లాడారు. ఓర్పు అన్నారు, క్రమశిక్షణ అన్నారు, తల్లిలాంటిది అన్నారు. ఒకాయన గొంతు బొంగురు కూడా చేసుకున్నాడు. నేను వెనక వరసలో కూర్చుని పళ్లు కొరుక్కున్నాను. ఆవిడతో ఒకే ఇంట్లో పందొమ్మిదేళ్లు ఉన్నాను, ఈ ఆఫీసులోనే తొమ్మిదేళ్లు కలిసి పనిచేశాను. ఆవిడ గురించి ఉన్నదున్నట్టు చెప్పగలిగేది నేనే. నాకు ఆవిడంటే కోపం. దాన్ని దాచుకుని రాసే ఓపిక నాకు లేదు.

ఇంటికి పెద్దకోడలు ఆవిడ, చిన్నకోడల్ని నేను. కింది వాటా వాళ్లది, పై వాటా మాది, మెట్లు ఉమ్మడి. నేను కాపురానికి వచ్చేటప్పటికే ఆవిడ బట్టల మిల్లులో తనిఖీ పని చేసేది. కింద లైటు వెలిగే గాజు బల్ల మీద బట్ట పరుగెడుతుంటే తెగిన పోగు, పడిన ముడి, నూనె మరక కంటితో పట్టుకుని సుద్దతో గుర్తు పెట్టాలి. ఆవిడ కన్నుగప్పి పోయిన లోపం లేదు. అక్కడ ఆవిడకి కత్తెరమ్మ అని పేరు. ఒకసారి కొత్త మగ్గం మీద నమూనా కన్నా సన్నని నేతతో ఒక తాను దిగిందట. అందరూ చేత్తో నిమిరి మురిసిపోతుంటే, ఈవిడ దానికీ అడ్డగీత కొట్టిందట. "బాగుంటే మాత్రం? నమూనాకి సరిపోకపోతే లోపమే" అందట. ఈ కథ ఆవిడే గొప్పగా చెప్పుకునేది. కొత్తలో నేను నోరు తెరుచుకుని విన్నాను కూడా.

పెళ్లయ్యాక కొన్నేళ్లు నేనూ అదే బల్ల దగ్గర పని నేర్చుకున్నాను. తర్వాత మిల్లు మూతబడింది. సరిగ్గా అప్పుడే ఊరి చివరి ఖగోళ పరిశోధన కేంద్రం వాళ్లకి మంచి కళ్లున్న మనుషులు కావలసివచ్చారు. లోపాలు పట్టేవాళ్ల కన్నా మంచి కళ్లు ఎవరికుంటాయని అక్కడి డైరెక్టరు గారు మిల్లు ఆడవాళ్లని ఆరుగురిని తీసుకున్నారు. నన్ను ఆ ఆరుగురిలో చేర్చింది మా తోడికోడలే. ఆ మాట ఒప్పుకోకపోతే నేను కృతఘ్నురాలిని. ఒప్పుకున్నాను కదా, ఇక మిగతాది వినండి.

టెలిస్కోపు ఆకాశంలో చీకటిగా కనిపించే చిన్న ముక్కని గంటల తరబడి ఫోటో తీస్తుంది. అందులో వేల మచ్చలు తేలతాయి. కంప్యూటరు ఒక్కో మచ్చని కత్తిరించి, అది ఎంత దూరంలో ఉందో, ఎంత కాంతిగలదో అంచనా కట్టి, మా స్క్రీన్ల మీదికి పంపుతుంది. అది నిజంగా గెలాక్సీయా, లేక కెమెరా మీది ధూళా, గీతా అన్నది మేం చూసి తేల్చాలి. రెండే బటన్లు. ఒకటి ఉంచడానికి, ఒకటి తీసెయ్యడానికి. రోజుకి ఆరువందల మచ్చలు. ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చున్నా కంచంలో మచ్చలే కనిపించేవి.

గోడ మీద పదకొండు రూళ్ల కాగితం అంటించి ఉండేది. అందులో ఏడోది డైరెక్టరు గారి సొంత రూలు. ఎంత దూరం చూస్తే అంత పాత వెలుగు చూస్తున్నట్టు లెక్క. విశ్వానికి ఇప్పుడు సుమారు పదమూడువందల ఎనభై కోట్ల ఏళ్లు. పుట్టిన మొదటి ముప్పై, నలభై కోట్ల ఏళ్లలో పెద్ద గెలాక్సీలు ఉండటానికి వీల్లేదని సిద్ధాంతం. అంత సరుకు ఒకచోట చేరి, అన్ని నక్షత్రాలు వెలగడానికి వ్యవధి చాలదు. కాబట్టి అంత దూరాన అంత కాంతితో ఏది కనిపించినా అది అంచనాలో తప్పే, తీసెయ్యండి అని రూలు. "ఉయ్యాల్లో పిల్లాడికి మీసాలుంటాయా అమ్మా?" అని డైరెక్టరు గారు పాఠం చెప్పినప్పుడు అందరం నవ్వాం. అందరికన్నా గట్టిగా నవ్వింది మా తోడికోడలు. ఆవిడకి మళ్లీ ఒక నమూనా దొరికింది.

అక్కడ చేరిన నాలుగో ఏడు ఒక మంగళవారం నా స్క్రీను మీదికి ఎర్రటి మచ్చ ఒకటి వచ్చింది. బియ్యపు గింజంత. దూరం చూస్తే విశ్వం పుట్టి ముప్పై కోట్ల ఏళ్లయినప్పటిది. కాంతి చూస్తే ఏడో రూలు గీత దాటి ఎక్కడో ఉంది. వేరే రోజు తీసిన ఫోటో తెరిచి చూశాను. అందులోనూ అదే చోట, అదే ఆకారంలో ఉంది. గీతైతే రెండు రోజులు ఒకే చోట ఎలా పడుతుంది? నేను ఉంచు బటన్ నొక్కాను.

సాయంత్రం మా పనంతా తిరగేసి చూడటం మా తోడికోడలి వంతు. ఆవిడ నన్ను పక్కకి పిలవలేదు, అడగలేదు. ఇంట్లో ఒకే మెట్లెక్కే మనిషి, ఒక్కమాట నాతో అనకుండా తిన్నగా డైరెక్టరు గారి గదికి వెళ్లింది. మర్నాడు నా చేతికి మెమో వచ్చింది. గోటితో పోయేదానికి గొడ్డలి. స్క్రీను ముందు నుంచి లేపి ఏడాదిపాటు రికార్డు రూములో వేశారు. పాత ఫోటో పలకల పెట్టెలు తుడిచి, చీటీలు అంటించే పని. కిటికీ లేదు. దుమ్ముకి నాకు దగ్గు పట్టుకుంది, ఇప్పటికీ వదల్లేదు. ఆ రోజు నుంచి ఆవిడతో మాటలు మానేశాను. మెట్ల మీద ఎదురైతే ఇద్దరం గోడల్ని చూసుకుంటూ దిగేవాళ్లం. ఇంటి కబుర్లు అన్నదమ్ములిద్దరూ మోసేవారు, పాపం.

నాలుగేళ్లు గడిచాయి. ఇంకో దేశంలో ఇంకో టెలిస్కోపు వాళ్లు, సిద్ధాంతం ఉండకూడదన్న కాలంలో, ఉండకూడనంత కాంతితో గెలాక్సీలు కనిపించాయని ప్రకటించారు. ఒకటి కాదు, పదుల కొద్దీ. పేపర్ల నిండా అదే గోల. విశ్వం ఎలా మొదలైందో మళ్లీ ఆలోచించుకోవాలని ఒకరు, తొందరపడొద్దని ఇంకొకరు. వాళ్లు చూపించిన చోట్లలో ఒకటి నా బియ్యపు గింజ ఉన్న చోటే. చదవగానే పేపరు బల్లకేసి కొట్టాను. సంతోషం కాదు, కడుపుమంట.

మన దగ్గర నాలుగేళ్ల కిందటే ఫోటో ఉంటే ఎలా పారేశారో తేల్చమని పైనుంచి ముగ్గురు పెద్దల్ని వేశారు. వాళ్లు వస్తారని తెలిసిన మర్నాడే గోడ మీది కాగితం మాయమైంది. దాని చోట తెల్లటి కొత్త కాగితం, పదే రూళ్లు. డైరెక్టరు గారు మమ్మల్ని నిలబెట్టి, "ఏరివేతలో మీరు అజాగ్రత్తగా ఉన్నారు. ముఖ్యంగా పర్యవేక్షణ" అని మా తోడికోడలి వైపు చూశారు. ఆవిడ రిటైర్మెంటుకి ఎనిమిది నెలలుంది. ఆకాశంలో దొరికినదాన్ని చెత్తబుట్టలో వేసిన ఆడమనిషిగా పేరు రాయించుకుని, ఉద్యోగం ఊడగొట్టుకుని ఇంటికి పోవాలి. కంప్యూటర్లలో రూలు కాగితం ఎక్కడా మిగల్లేదు. మిగిలింది ఒక్కచోటే, నా బీరువాలో. నాకిచ్చిన మెమోలో ఏడో రూలు పొల్లుపోకుండా రాసి, కింద డైరెక్టరు గారు సంతకం పెట్టారు.

ఆ సాయంత్రం బావగారు మెట్లెక్కి వచ్చారు. పందొమ్మిదేళ్లలో ఆయన పైకి రావడం అది నాలుగోసారో ఐదోసారో.

"అమ్మా, ఆ కాగితం..." అన్నారు.

"అక్క పంపిందా?"

"లేదమ్మా. తను అడగదు. నీకు తెలుసుగా."

"అడగమనండి. పైకొచ్చి, నీకు అన్యాయం చేశాను అని ఒక్కమాట అంటే చాలు. ఆ క్షణమే ఇస్తాను."

బావగారు మింగలేక కక్కలేక దిగిపోయారు. "ఇప్పుడా పంతం?" అన్నారు మా ఆయన. "ఏడాది దుమ్ము తిన్నది నేను, మీరు కాదు" అన్నాను. ఆవిడ రాలేదు. విచారణకి ఇంకా మూడు రోజులుంది. మూడు రోజులూ మెట్ల మీద చప్పుడైతే చెవులు రిక్కించాను. ఆవిడ పైకి మాత్రం ఎక్కలేదు.

విచారణ రోజు కాగితం సంచిలో పెట్టుకునే వెళ్లాను. ఇస్తానని కాదు. ఇవ్వకుండా ఆవిడ మొహం చూద్దామని. పొడుగాటి బల్లకి అటు ముగ్గురు పెద్దలు, పక్కన డైరెక్టరు గారు, ఇటు మేం.

"ఏడో రూలు ప్రకారం తీసేశానండీ" అంది మా తోడికోడలు.

"అలాంటి రూలు ఎప్పుడూ లేదు. వీళ్లు చదువుకున్నవాళ్లు కారు సార్, ఏదో అపార్థం చేసుకుని ఉంటారు" అన్నారు డైరెక్టరు గారు. మిగతా నలుగురూ చెప్పులు చూసుకున్నారు. ఎవరి ఉద్యోగం వాళ్లకి ముద్దు.

నాకు ఒళ్లు మండిపోయింది. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు పట్టుకునే ఈ మనిషా మమ్మల్ని చదువురానివాళ్లనేది? మీసాల పాఠం చెప్పిందెవరు? నా తోడికోడల్ని నేను తిట్టుకుంటాను, అది మా ఇంటి గొడవ. సంచిలోంచి మెమో తీసి బల్ల మీద పెట్టాను. "చదవండి సార్. కింద సంతకం కూడా చదవండి" అన్నాను. మధ్యలో కూర్చున్న పెద్దాయన రెండుసార్లు చదివి పక్కవాళ్లకి ఇచ్చాడు. డైరెక్టరు గారు మంచినీళ్లు అడిగారు.

పెద్దాయన మెత్తబడ్డాడు. "అయితే అమ్మా, రూలు ఉంది కాబట్టి మీరు అది లోపమే అనుకున్నారు. మీ తప్పేం లేదు. అంతేగా?"

అవునంటే సరిపోయేది. ఆ ఒక్కమాటతో ఆవిడ బయటపడేది.

"కాదండీ. అది లోపం కాదని నాకు తెలుసు" అంది.

ఆవిడే మళ్లీ అందుకుంది. "ధూళి మచ్చైతే అంచు కోసినట్టు ఉంటుంది. గీతైతే ఒక ఫోటోలో ఉండి ఇంకోదాంట్లో ఉండదు. నిజం వెలుగైతే అంచు పల్చబడుతూ పోతుంది. ముప్పై ఏళ్లుగా ఇదే పని నాది. మా తోడికోడలు ఉంచింది అసలైనదే. అంతకు ముందు నేను తీసేసినవాటిలో కూడా అలాంటివి నలభై దాకా ఉన్నాయి. అవీ అసలైనవే."

"తెలిసి ఎందుకు తీసేశారు?"

"ఇచ్చిన నమూనాకి సరిపోలేదండీ."

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుని ఏవేవో రాసుకున్నారు. తర్వాత డైరెక్టరు గారు ఆరోగ్యం బాగాలేదని సెలవు పెట్టారు, ఆవిడ మీద చర్య లేదని కాగితం వచ్చింది. అవన్నీ తర్వాత సంగతి. ఆ పూట మాత్రం నేను ఆవిడ వెనకే పరుగులాంటి నడకతో గేటు దాకా వెళ్లి దారికి అడ్డం నిలబడ్డాను. నాలుగేళ్లలో అదే మొదటి మాట.

"తెలుసా నీకు? తెలిసే నన్ను దుమ్ములో తోశావా? నేనింకా అది అసలైనదని నీ కంటికి ఆనలేదనుకున్నాను. గుడ్డిగా రూలు పట్టుకున్నావనుకుని సరిపెట్టుకున్నాను!"

ఆవిడ చేతిసంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. నా మొహం చూడలేదు.

"నువ్వొకటి ఉంచితే, అది నిలబడితే, నేను తీసిన నలభై సంగతీ అడుగుతారు కదా. అన్నేళ్లూ నేనేం చేశానని అడుగుతారు. భయమేసింది" అంది.

అన్యాయం చేశానని అనలేదు. అంటే వదిలేసేదాన్నేమో. కానీ ఆ భయమన్న మాట నాకు ఎక్కడో తగిలింది. ఎందుకంటే ఆ మంగళవారం మధ్యాహ్నం రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని నేను పావుగంట కూర్చుండిపోయాను. ఎదురు కుర్చీలో ఆవిడ ఉంది, గోడ మీద రూలు ఉంది, ఇంట్లో ఆవిడ తెచ్చిపెట్టిన ఉద్యోగం మాట ఉంది. ఇది ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా.

"భయం నాకూ వేసిందక్కా. అయినా ఉంచాను" అన్నాను.

బస్సు వచ్చింది. నేను ఎక్కాను, ఆవిడ తర్వాతి బస్సుకి వచ్చింది.