ముందు సైకిల్ కోసం

ఇన్నేళ్లూ ఈ మాటను కక్కలేక మింగలేక బతికాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అమీర్‌పేటలో గల్లీకొక కంప్యూటర్ కోచింగ్ సెంటర్ వెలిసిన రోజులవి. మైత్రీవనంలో నేను జావా చెప్పేవాణ్ణి. యాదగిరి మా ల్యాబ్ చూసుకునేవాడు. నలభై నిండకుండానే అతనికి గుండె ఆపరేషన్ అయింది. పంజాగుట్టలో ఒక డాక్టరు గారు అలాంటివాళ్లను నెమ్మదిగా నడిపించి, మెట్లెక్కించి, సైకిల్ తొక్కించి మళ్లీ మామూలు మనుషుల్ని చేసేవారు. ఆ రోగుల సాయానికి ఆయన విజయవాడ దాకా సైకిల్ యాత్ర తలపెట్టారు. నేనూ పేరిచ్చాను. అందరికన్నా ముందు యాదగిరి సైకిల్. గుండె కోయించుకున్నవాడే ముందుంటే మిగతా రోగులకు ధైర్యం వస్తుందని ఆయన నమ్మకం.

నాకు ఒళ్లు మండింది. నేను అతనికన్నా వేగంగా తొక్కుతాను. అయినా పేపరువాళ్లు ఫొటో తీస్తూ నన్నే పక్కకు జరగమన్నారు. జబ్బుపడి లేచినవాణ్ణి చూసి ఎవరైనా కుళ్లుకుంటారా? నేను కుళ్లుకున్నాను. నాకూ ఓ ఆపరేషన్ అయి ఉంటే ఎంత బాగుండునని కూడా అనుకున్నాను, నమ్ముతారా?

బయల్దేరడానికి రెండ్రోజుల ముందు డాక్టరు గారి దగ్గరకు వెళ్లాను. పొద్దున ప్రాక్టీసులో ఎత్తు ఎక్కేటప్పుడు యాదగిరి ముఖం పాలిపోయిందని, పెదాలు నల్లబడ్డాయని చెప్పాను. ఆయన మరి ఆలోచించలేదు, అతన్ని ఆపేశారు.

యాదగిరి గొడవకొస్తాడనుకున్నాను. వచ్చి నా చేతులు పట్టుకున్నాడు.

“నాకైతే ఏం తెల్వలే అన్నా. నువ్వు చూడకపోతే తొవ్వలనే పడిపోతుంటి. నా పానం కాపాడినవ్.”

“జాగ్రత్తగా ఉండు యాదగిరీ,” అన్నాను. అంతే అన్నాను. ఎవరి ముఖం వాళ్లకు కనబడదు కదా, నా మాటే నమ్మాడు.

ముందు సైకిల్ నేనే తొక్కాను. విజయవాడలో దండలు వేశారు. సంతోషించలేదని మీకు అబద్ధం చెప్పను.

తర్వాత అతనికి చేసిన గుండె పరీక్షలన్నీ బాగానే వచ్చాయి, నిశ్చింతగా తొక్కమన్నారు డాక్టరు గారు. యాదగిరి మాత్రం మళ్లీ సైకిల్ ముట్టలేదు. అన్ని నెలలు కష్టపడి ఆయన పోగొట్టిన భయాన్ని నేను ఒక్క మాటతో తిరిగి తెచ్చిపెట్టాను. ఇప్పటికీ నాలుగు మెట్లెక్కితే ఆగుతాడు. పెదాలెలా ఉన్నాయో చూడమని నన్నే అడుగుతాడు. బాగున్నాయంటాను. నిజమే చెబుతాను, అతనికి నమ్మకం కుదరదు.

ఆ రోజు పొద్దున కూడా బాగానే ఉన్నాయి. ఇది అతనికి ఇంతవరకూ చెప్పలేదు, చెబుతానన్న నమ్మకమూ లేదు. మీకు చెప్పాక మాత్రం కాస్త ఊపిరాడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది.