లిఫ్టాయన చెప్పిన వీధి

కోడళ్లు ఆవిడను చాటుగా ‘డిటెక్టివ్ అత్తయ్య’ అని పిలుచుకునేవాళ్లు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. తెలియకపోతే ఆ పేరెందుకు?

వయసంతా లాండ్రీ కౌంటరు వెనకే గడిచింది. వచ్చిన ప్రతి కోటు జేబూ తడిమేది. మరకను వెలుతురులో పెట్టి, ఇది నూనెదా, సిరాదా అని ఇట్టే చెప్పేది. ఉద్యోగం మానేసినా ఆ చేతులు ఊరుకోలేదు. ఇంట్లో ఎవరు చొక్కా విప్పినా ముందు ఆవిడ సోదా కావాల్సిందే.

అలా ఒకరోజు భర్త చొక్కా జేబులో గొంతు బిళ్లలు దొరికాయి.

ఇంకెవరి జేబులోనైనా అయితే పట్టించుకునేది కాదు. ఈయన ఉద్యోగమంతా ఒక పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపాడు. "ఎన్నో అంతస్తండీ?" అనడం తప్ప మరో మాట ఖర్చుపెట్టి ఎరగడు. ఇంట్లో అదీ లేదు. కూరలో ఉప్పు తక్కువైతే గిన్నె వంక అదోలా చూస్తాడు, అంతే. అలాంటి మనిషికి గొంతు ఎందుకు నొప్పి పుట్టింది? ఎవరితో మాట్లాడి?

ఆలోచించినకొద్దీ ఒక్కొక్కటే గుర్తొచ్చింది. మధ్యాహ్నం భోజనం కాగానే మాయమవడం. బూట్లకు పాలిష్. పైజేబులో దువ్వెన, అదీ ఉన్న నాలుగు వెంట్రుకలకు!

"ఎక్కడికండీ?" అంది మర్నాడు, ఆయన గుమ్మం దాటుతుంటే.

"ఊరికే."

"ఊరికే వెళ్లడానికి పాలిష్ ఎందుకో?"

ఆయన బూట్లు ఒకసారి చూసుకుని మెట్లు దిగిపోయాడు.

ఆవిడ గొడుగు తీసుకుంది. ఆయన బస్సు ముందు తలుపున ఎక్కితే తను వెనక తలుపున ఎక్కి, ఒక లావుపాటి మనిషి చాటున కూర్చుంది. పాత ఊళ్లో, చిత్రకారుల వీధి దగ్గర ఆయన దిగాడు.

ఆ వీధి గురించి వినడమే గానీ ఎప్పుడూ కాలుపెట్టలేదు. రాళ్లు పరిచిన సన్నటి దారి. చెక్క బాల్కనీల ఇళ్లు. ఒకప్పటి గోదాములన్నీ ఇప్పుడు బొమ్మల దుకాణాలు. పనీపాటా లేనట్టు బయట బల్లల దగ్గర కూర్చున్న జనం. ఒక అద్దాల కిటికీలో ఒంటిమీద నూలుపోగు లేని ఆడమనిషి బొమ్మ. ‘ఓహో, ఇదన్నమాట సంగతి!’ అనుకుంది ఆవిడ, పళ్లు కొరుకుతూ.

మలుపు తిరిగేసరికి పదిమంది గుమిగూడి ఉన్నారు. నడుమ మెట్టుమీద నిలబడి, చేతులు తిప్పుతూ మాట్లాడుతున్నది ఈయనే!

"ఆ బాల్కనీ చూశారా? ఓడెక్కి వెళ్లినవాడి కోసం ఒక నాట్యకత్తె రోజూ అక్కడ దీపం పెట్టేది. ఆఖరికి విసిగిపోయి దీపం మానేసిన రోజే అతను ఓడ దిగాడు. చీకట్లో ఇల్లు పోల్చుకోలేక వెనక్కి వెళ్లిపోయాడు."

ఎవరో ముక్కు చీదారు. ఆవిడకు ఒళ్లు మండింది.

"ఈ సంగతి మీకెవరు చెప్పారండీ?" అంది గొడుగు చాటునుంచి.

ఆయన ఆ గొంతు గుర్తుపట్టాడు.

"ఆ నాట్యకత్తె బట్టలు ఉతికినామె చెప్పింది," అన్నాడు తొణక్కుండా. "ఆమెకు తెలియని రహస్యం లేదు."

అందరూ నవ్వారు. ఆవిడకూ నవ్వు రాబోయింది గానీ బిగబట్టుకుంది.

వీధి పొడవునా వెంట నడిచింది. ప్రతి ఇంటికీ ఆయన దగ్గర ఒక కథ ఉంది, ఏ ఒక్కటీ నమ్మేలా లేదు. ఒక్క పసుపు రంగు మేడ దగ్గర మాత్రం నోరు కట్టేసుకుని గబగబా దాటేశాడు.

జనం వెళ్లిపోయాక పట్టుకుంది. "ఎన్నాళ్లనుంచి ఈ భాగోతం?"

"చలికాలం నుంచి. ఒకాయన దారి అడిగాడు. చెప్పా. ఇంకా చెప్పమన్నాడు."

"నాకు చెబితే ఏం పోయింది?"

"నువ్వు నమ్మవు కదే."

ఆవిడ గొడుగుతో వెనక్కి చూపించింది. "మరి ఆ పసుపు మేడలో ఎవరున్నారు? దాన్నెందుకు దాచారు?"

ఆయన చేతులు కదల్లేదు. "అమ్మ అక్కడ నేల తుడిచేది. పిల్లల్ని లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. నేను మెట్టు మీద కూర్చునేవాణ్ని. ఒకసారి వానొచ్చింది. తలుపు కొట్టా. తియ్యలేదు. అంతే."

ఇన్నేళ్ల కాపురంలో ఆ ముక్క ఎప్పుడూ చెప్పలేదు. ఓడలూ లేవు, దీపాలూ లేవు. ఇది నిజమని ఆవిడకు వెంటనే తెలిసిపోయింది.

"ఇప్పుడది బొమ్మల షాపేగా. తలుపు బార్లా తెరిచుంది."

"తెలుసు."

"అయినా వెళ్లలేదా?"

తల అడ్డంగా ఊపాడు. ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. లోపల గోడలనిండా ఎర్రటి బొమ్మలు. ఆయన ఒక్కదాన్నీ చూడలేదు. నలుపూ తెలుపూ గళ్ల నేలనే చూస్తూ, ఈ చివరినుంచి ఆ చివరిదాకా మెల్లగా నడిచాడు. ఆవిడ అడ్డు రాలేదు.

"ఏమండీ," అంది చివరికి, ఒక బొమ్మ ముందు ఆగి. "దీన్ని తలకిందులుగా తగిలించారని నా అనుమానం."

ఆయన పైకే నవ్వాడు. కళ్లు తుడుచుకుని, ఆ బొమ్మ గీసినవాడి గురించి అప్పటికప్పుడు ఏదో చెప్పడం మొదలుపెట్టాడు.